ప్రకటనల పసిబిడ్డ: ఒక కొలమానం చరిత్ర

భారతదేశపు వ్యాపార ప్రకటనల చరిత్రను తిరగేస్తే పసిబిడ్డకు దాదాపు ఒకే ముఖం కనిపిస్తుంది. తెల్లని మేని ఛాయ, బొద్దు బుగ్గలు, విశాలమైన కళ్లు, ఒత్తయిన మెత్తని జుట్టు. సబ్బు కాగితం మీద, బిస్కట్ల పొట్లం మీద, మందుల దుకాణం వారు పంచే క్యాలెండరు మీద, తర్వాతి కాలంలో టెలివిజన్ తెర మీద ఈ ముఖమే రాజ్యమేలింది. దేశంలోని పిల్లల్లో ఎక్కువమంది చామనచాయకో నలుపుకో చెందినవారు. అమ్మకాల కోసం నిలబెట్టిన బాల్యం మాత్రం వేరు. ఈ తేడాను ‘ప్రేక్షకుల అభిరుచి’ అన్న ఒక్క మాటతో సమర్థించడం పరిపాటి. అయితే అభిరుచి ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. నూరేళ్లకు పైగా అచ్చు యంత్రాలు, ఆరోగ్య ప్రచారాలు, ఫోటో ఫిల్ములు, వ్యాపార సంస్థలు కలిసి ఈ కొలమానాన్ని తయారుచేశాయి. ఆ క్రమాన్ని పరిశీలిస్తే దీనిలో అవసరం ఎంత, దురభిప్రాయం ఎంత అన్నది విడదీసి చూడవచ్చు.

దిగుమతి అయిన బిడ్డ

పసిబిడ్డ ముఖంతో సరకు అమ్మే పద్ధతి పంతొమ్మిదో శతాబ్ది చివరి భాగంలో బ్రిటన్‌లో బలపడింది. పియర్స్ సబ్బు సంస్థ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే 1886లో తన మనవడిని కూర్చోబెట్టి, సబ్బు బుడగలు ఊదుతున్న బాలుడి చిత్రం గీశాడు. ఆ చిత్రాన్ని పియర్స్ సంస్థ తన ప్రకటనగా వాడుకుంది. బంగారు వన్నె జుట్టు గల ఆ బాలుడు శుభ్రతకు, నిష్కపటత్వానికి గుర్తుగా లోకమంతా తిరిగాడు. అదే దశకంలో అదే సంస్థ మరో ప్రకటన వెలువరించింది. అందులో ఒక తెల్ల పిల్లవాడు సబ్బుతో ఒక నల్ల పిల్లవాడికి స్నానం చేయిస్తాడు. స్నానం ముగిసేసరికి నల్లవాడి ఒళ్లు తెల్లబడుతుంది, ముఖం మాత్రం నల్లగానే మిగిలిపోతుంది. మురికి, నలుపు ఒకటేనన్న భావనను ఇంత బాహాటంగా చెప్పిన ప్రకటన మరొకటి అరుదు. సామ్రాజ్యం విస్తరిస్తున్న కాలంలో ఆ భావన సబ్బుతోపాటు ఓడలెక్కింది.

పిల్లల ఆహారాలు, మందులు కూడా ఇదే దారి పట్టాయి. ‘గ్లాక్సో’ పాలపొడి 1913 నుంచి దృఢమైన, ముద్దులొలికే బిడ్డలను తానే తయారుచేస్తానని చాటుకుంది. వుడ్‌వర్డ్స్ గ్రైప్ వాటర్ సీసా మీద పాములను నలుపుతున్న బాల హెర్క్యులిస్ బొమ్మ వ్యాపార చిహ్నంగా వెలసింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా రేవుల్లో దిగిన ఈ సరకులు మొదట దొరల ఇళ్లకు, ఆ వెనుక విద్యావంతుల, సంపన్నుల ఇళ్లకు చేరాయి. సీసాలోని మందు ఖర్చయిపోయినా చీటీ మీది బిడ్డ కళ్లలో నిలిచిపోయింది. తర్వాతి కాలంలో స్వదేశీ సంస్థలు అలాంటి సరకులనే ఇక్కడ తయారుచేసినప్పుడు చాలావరకు సరకే మారింది గాని, ముఖం మారలేదు.

నల్లనయ్య తెల్లబడిన తీరు

దిగుమతి అయిన బొమ్మ ఇంత సులువుగా పాతుకుపోవడానికి ఇక్కడి నేల కూడా కొంత సిద్ధమై ఉంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన రాతి అచ్చు ముద్రణాలయం దేవతల చిత్రాలను సామాన్యుల గోడల మీదికి తెచ్చింది. యశోద ఒడిలోని బాలకృష్ణుడు ఈ అచ్చు చిత్రాల్లో ఎంతో ఆదరణ పొందిన రూపం. పిల్లల ఆహారాలు, మందులు అమ్మే సంస్థలు ఇలాంటి బాలకృష్ణుని బొమ్మలతో క్యాలెండర్లు పంచాయి. తల్లి భక్తితో తగిలించుకున్న పటమే ప్రకటన అయింది.

కృష్ణుడి పేరులోనే నలుపు ఉంది. పోతన భాగవతంలో గోపికలు పొదలను, తీగలను అడుగుతూ వెదికినప్పుడు ఆయన మేని నలుపే వారు చెప్పిన మొదటి ఆనవాలు. తెలుగునాట పల్లె పాటల్లోనూ ఆయన నల్లనయ్యే. క్యాలెండర్ల బాలకృష్ణుడు మాత్రం క్రమంగా లేత నీలానికి, అక్కడి నుంచి గులాబి కలిసిన తెలుపుకు జరిగాడు. బుగ్గలు ఉబ్బాయి, చేతుల మీద మడతలు పడ్డాయి. కోవిల్‌పట్టిలో కొండయ్యరాజు వంటి చిత్రకారులు వేసిన బొమ్మలను శివకాశి ముద్రణాలయాలు లక్షల సంఖ్యలో అచ్చొత్తి దేశమంతటా పంపాయి. ఈ బజారు చిత్రకళను కాజ్రీ జైన్ 2007లో వెలువరించిన గ్రంథంలో విస్తృతంగా చర్చించారు. క్యాలెండర్ల మీది పిల్లల బొమ్మలు జాతి భావనను ఎలా మోశాయో సామాజిక శాస్త్రవేత్త పాట్రీషియా ఉబెరాయ్ వివరించారు. ‘జై జవాన్, జై కిసాన్’ నినాదం వెలువడిన 1965 తరువాత సైనికుడి వేషంలో, రైతు వేషంలో నిలబడిన బాలుర బొమ్మలు ఇంటింటికీ చేరాయి. రైతు ఎండలో నల్లబడతాడన్నది అందరికీ తెలిసినదే. క్యాలెండరు మీది బాల రైతుకు ఆ ఎండ తగిలినట్టు కనిపించదు.

బొమ్మ అక్కడితో ఆగక కోరికగా మారింది. నిండు చూలాలి గదిలో అందమైన శిశువు పటం తగిలించడం, రోజూ దాన్ని చూస్తే పుట్టబోయే బిడ్డకు ఆ పోలిక వస్తుందని నమ్మడం అనేక కుటుంబాల్లో ఆచారమైంది. పాలలో కుంకుమపువ్వు కలిపి తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్న నమ్మకం దానికి తోడయింది. రేడియోలు అమ్మే మర్ఫీ సంస్థ కూడా తన చిహ్నంగా ఒక పసిబిడ్డను ఎంచుకోవడం, ఆ క్యాలెండరు కోసం జనం పోటీపడటం ఈ కోరిక బలాన్ని చాటుతుంది. రేడియోకు, బిడ్డ బుగ్గలకు సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. తెలుగు ఇళ్లలో పసిబిడ్డ అందాన్ని నలుగురిలో పొగడటం మర్యాద కాదు. దిష్టి తగులుతుందని తల్లి బుగ్గ మీద కాటుక చుక్క పెడుతుంది. బిడ్డ ముఖంలో కావాలని ఒక లోపాన్ని సృష్టించి ఆ బిడ్డను కాపాడుకోవడం దానిలోని భావం. ప్రకటన ఈ మర్యాదను తలకిందులు చేసింది. లోపం లేని ముఖాన్ని ఎంచి, అందరి చూపూ దాని మీదే పడేటట్టు నిలబెట్టింది.

తూకం నుంచి రంగుకు

కొలమానానికి మరో మూలం ఆరోగ్య ప్రచారం. 1920లలో దేశంలోని పట్టణాల్లో శిశు వారోత్సవాలు, శిశు ప్రదర్శనలు జరిగాయి. వైద్యులు, దాదులు బిడ్డలను తూచి, పళ్లు చూసి, శుభ్రతను పరిశీలించి బహుమతులు ఇచ్చేవారు. పసిబిడ్డల మరణాలు విపరీతంగా ఉన్న రోజుల్లో తల్లులకు పోషణ మెలకువలు నేర్పడం వాటి ధ్యేయం. ఆ ధ్యేయాన్ని తప్పుపట్టలేం. స్వాతంత్ర్యం వచ్చిన పాతికేళ్లకు కూడా, అంటే 1971లో, దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూశారు. 2020 నాటికి ఈ సంఖ్య 28కి తగ్గింది. మరణం గడప దగ్గరే కాచుకున్న ఇంట్లో బొద్దుగా ఉన్న బిడ్డ అంటే బతికి బట్టకట్టే బిడ్డ అని అర్థం. ఆ బుగ్గల మీద తల్లికి ఉన్న మమకారానికి బలమైన కారణం ఉంది.

మేని రంగుకు అలాంటి కారణం ఏదీ లేదు. తూకానికి ఆరోగ్యంతో సంబంధం ఉంటుంది, తెలుపుకు ఉండదు. కాని శిశు ప్రదర్శనల నుంచి అందాల పోటీలకు, అక్కడి నుంచి ప్రకటనలకు నడిచిన దారిలో ఈ రెండూ ఒకే మూటలో కట్టుబడ్డాయి. త్రాసు చేసే తీర్పును కంటి చూపు చేపట్టినప్పుడు, ఆ కంటిలో అప్పటికే గూడుకట్టుకున్న కుల, వర్గ భేదాల లెక్కలు పనిచేయడం మొదలుపెట్టాయి. తెల్లని బిడ్డ ‘మంచి ఇంటి బిడ్డ’గానూ, నల్లని బిడ్డ కూలి ఇంటి బిడ్డగానూ చలామణి అయ్యారు.

యంత్రం కూడా ఈ పక్షపాతానికి తోడ్పడింది. వార్తాపత్రికల నాసిరకం కాగితం మీద చుక్కల అచ్చులో నల్లని ముఖం సిరా మరకలా అలుక్కుపోయేది. తెల్లని ముఖంలో కళ్లు, పెదవులు స్పష్టంగా తేలేవి. రంగుల ఫిల్ముల విషయానికి వస్తే, కోడక్ సంస్థ రంగులు సరిచూసుకోవడానికి ప్రయోగశాలలకు పంపిన నమూనా చిత్రాల్లో దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీయే ఉండేది. ఆ మేని ఛాయకు సరిపోయేటట్టు రూపొందిన ఫిల్ము నల్లని ఛాయల్లోని సూక్ష్మ భేదాలను పట్టుకోలేకపోయింది. ఛాయాగ్రాహకుడికి నల్లని బిడ్డ ముఖం మీద వెలుగు అమర్చడం అదనపు శ్రమ అయింది. ఆ శ్రమ తప్పించుకోవడానికి ముఖాన్నే మార్చడం సులువైన మార్గమైంది.

దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976లో మొదలయ్యాయి. ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి. దానికి కొద్ది ముందే, 1975లో, ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనం మార్కెట్లో ప్రవేశించింది. అంటే తెలుపు నేరుగా అమ్మకపు సరకు అయిన దశకంలోనే కదిలే బొమ్మల ప్రకటన ఇళ్లలోకి వచ్చింది. పిల్లల పానీయాల ప్రకటనలు ఇంకో మెట్టు ఎక్కి పొడవును కూడా కొలమానంలో చేర్చాయి.

ఎంపిక జరిగే తీరు

ప్రకటనల్లో ఎక్కువ కాలం నిలిచిన పిల్లలు కొందరు అసలు పిల్లలే కారు. అమూల్ వెన్న బాలిక 1966లో సిల్వెస్టర్ డకున్హా ఆలోచన నుంచి, యూస్టెస్ ఫెర్నాండెజ్ కుంచె నుంచి పుట్టింది. పార్లే-జి పొట్లం మీది పాప ఎవరన్న దానిపై ఎన్నో పుకార్లు షికారు చేశాయి. ఆమె 1960లలో ఒక ప్రకటన సంస్థ చిత్రకారుడు వేసిన బొమ్మ మాత్రమేనని తయారీదారులు వివరించవలసి వచ్చింది. నిర్మా సబ్బు పొడి పొట్లం మీద తెల్లని గౌనులో గిరగిర తిరిగే పాప దుస్తుల తెల్లదనానికి ప్రతీక. గీసిన బొమ్మ ఒక ఆదర్శం. చిక్కు ఏమిటంటే, తరువాత కెమెరా ముందుకు వచ్చిన నిజమైన పిల్లలను ఆ గీసిన ఆదర్శంతోనే తూచారు.

ప్రకటనల కోసం పిల్లలను ఎంచే పని చాలావరకు ముంబయిలో కేంద్రీకృతమైంది. సరకు తయారీదారుడు, ప్రకటన సంస్థ, దర్శకుడు, పిల్లల ఫోటోలు సమకూర్చే కోఆర్డినేటర్, చివరన తల్లిదండ్రులు. ఎంపిక ఈ గొలుసు గుండా సాగుతుంది. ‘నల్లని పిల్లలు వద్దు’ అని ఎవరూ రాతపూర్వకంగా చెప్పనక్కరలేదు. ‘తాజాగా కనిపించే ముఖం’, ‘పై తరగతి ఇంటి రూపు’, ‘దేశమంతటా చెల్లే ముఖం’ వంటి మాటలు చాలు. ఆ మాటల అర్థం గొలుసులోని ప్రతి ఒక్కరికీ తెలుసు. తప్పు ఎవరిదని అడిగితే ప్రతివారూ తమ పైవారిని చూపిస్తారు, అందరికంటే పైన ఉన్నవారు ప్రేక్షకుణ్ణి చూపిస్తారు. పసికందుల విషయంలో ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురు శిశువులను సిద్ధంగా ఉంచుకోవడం రివాజు. ఒకరు ఏడిస్తే మరొకరిని తెస్తారు. ఒకరి బదులు ఇంకొకరు సరిపోవాలంటే అందరూ ఒకే అచ్చులో ఉండాలి. అక్కడ బిడ్డకు పేరు ఉండదు, నమూనా ఉంటుంది.

హిందీలో తీసిన ప్రకటననే తెలుగులోకి, తమిళంలోకి, ఇతర భాషల్లోకి డబ్బింగ్ చేసి ప్రసారం చేయడం ఖర్చు తగ్గించే పద్ధతి. దీనివల్ల అనంతపురంలోనో ఆదిలాబాదులోనో టెలివిజన్ ముందు కూర్చున్న బిడ్డకు వినిపించే భాష తనది, కనిపించే ముఖం మాత్రం తన వీధిలో ఎవరిదీ కాదు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, ఆదివాసీ పిల్లలు, వికలాంగులైన పిల్లలు ఈ తెర మీద ఇంకా అరుదు.

నల్లని బిడ్డ బొత్తిగా కనిపించలేదని చెప్పడం సరికాదు. ఆకలి నివారణకు విరాళాలు కోరే ప్రకటనలోనో, రోగ నివారణ గోడపత్రం మీదనో తరచు ఆ బిడ్డే దర్శనమిచ్చాడు. బిస్కట్లు తినేది ఒక బిడ్డ, దయకు పాత్రమయ్యేది మరొక బిడ్డ. కనిపించకపోవడం కంటే ఇలా ఒకే విధంగా కనిపించడం లోతైన గాయం. ఇద్దరు పిల్లలూ ఈ పాఠం నేర్చుకుంటారు. ఇచ్చేవాడి రంగు ఏదో, పుచ్చుకునేవాడి రంగు ఏదో చదువు రాకముందే వారికి తెలిసిపోతుంది.

ఇది తప్పని పద్ధతి కాదనడానికి ప్రకటన రంగం నుంచే వచ్చిన ఒక దర్శకుడి పని సాక్ష్యమిస్తుంది. సత్యజిత్ రాయ్ 1943లో కలకత్తాలోని డి.జె. కీమర్ ప్రకటన సంస్థలో చిత్రకారుడిగా చేరాడు. ‘పథేర్ పాంచాలి’లో అపు పాత్ర కోసం పత్రికలో ప్రకటన ఇచ్చి ఎందరో బాలురను చూశాడు. చివరికి పొరుగింటి ఆవరణలో ఆడుకుంటున్న బాలుణ్ణి ఆయన భార్య గుర్తించడంతో ఆ వెదుకులాట ముగిసింది. 1955లో విడుదలైన ఆ చిత్రంలోని పిల్లలు ఏ క్యాలెండరు నుంచీ దిగి రాలేదు. ప్రపంచం నలుమూలలా ప్రేక్షకులు వారిని గుండెలకు హత్తుకున్నారు. ప్రేక్షకుల అభిరుచి ఒకే ముఖాన్ని కోరుతుందన్న వాదానికి ఇంతకంటే సమాధానం అక్కరలేదు.

చట్టం చూసినది, చూడనిది

పసిబిడ్డ బొమ్మకు హాని చేసే శక్తి ఉందని భారత పార్లమెంటు ఏనాడో గుర్తించింది. 1992లో చేసిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం పాలపొడి డబ్బాల మీద, చీటీల మీద శిశువు బొమ్మను గాని, స్త్రీ బొమ్మను గాని ముద్రించడాన్ని నిషేధించింది. ఆ చట్టం 1993 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. డబ్బా మీది బొద్దు బిడ్డను చూసిన తల్లి తన పాల మీద, తన బిడ్డ మీద నమ్మకం కోల్పోతుందన్న ఆందోళన దాని వెనుక ఉంది. 1992 డిసెంబరులోనే భారతదేశం బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. బాలల పట్ల వివక్షకు కారణం కాకూడని అంశాల్లో ఆ ఒడంబడిక రంగును పేరు పెట్టి ప్రస్తావించింది. మన రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ఉన్నాయి గాని రంగు ప్రత్యేకంగా లేదు.

ఆ తర్వాతి నిబంధనలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలు జాతిని, కులాన్ని, వర్ణాన్ని కించపరచే ప్రకటనలను నిషేధించాయి. తెలుపు లేపనాల ప్రకటనలపై ఐద్వా వంటి మహిళా సంఘాలు పోరాడాయి. నల్లనివారిని అనాకర్షకులుగా, పరాజితులుగా చూపరాదని ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ తన పేరులోని తెలుపును వదులుకుని ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పిల్లల్లో తమ శరీరంపట్ల న్యూనతాభావం కలిగించే ప్రకటనలు కూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో ప్రకటించిన మార్గదర్శకాలు చెప్పాయి.

ప్రకటనల్లో నటించే పిల్లల శ్రమకు కూడా హద్దులు ఏర్పడ్డాయి. బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ, 2017 నాటి నియమాలు దీనికి ఆధారం. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటరాదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. బిడ్డ సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేర బ్యాంకులో జమచేయాలి. ఇవన్నీ మేలైన నియమాలే.

ఈ నియమాలన్నీ ఎంపికైన బిడ్డను కాపాడతాయి. ఎంపిక గది నుంచి వెనుదిరిగిన బిడ్డ ఏ నియమం పరిధిలోకీ రాడు. కించపరచడాన్ని చట్టం పట్టుకోగలదు, లేకపోవడాన్ని పట్టుకోలేదు. తెర మీద చూపిన ముఖం మీద ఫిర్యాదు చేయవచ్చు, చూపని ముఖం తరఫున ఫిర్యాదు చేయడానికి మార్గం లేదు. నాలుగేళ్ల బిడ్డను తల్లిదండ్రులు ముస్తాబు చేసి తీసుకువెళ్లి, కారణం తెలియకుండా తిరిగి తీసుకువస్తే, ఆ కారణాన్ని బిడ్డ తనంతట తానే వెదుక్కుంటుంది. అద్దంలో వెదుక్కుంటుంది.

చట్టం చేరలేని ఈ చోటికి ఆచరణ చేరగలదు. దేశంలోని పెద్ద ప్రకటనకర్తల్లో ప్రభుత్వం ఒకటి. టీకాల గోడపత్రం, బడిబాట కరపత్రం, పొదుపు పథకం ప్రకటన, పర్యాటక చిత్రం, ఇవన్నీ ప్రజాధనంతో రూపొందేవే. వీటిలో ఏ బిడ్డ విరాళం పుచ్చుకోవాలో, ఏ బిడ్డ బ్యాంకు పుస్తకం పట్టుకోవాలో నిర్ణయించే అధికారం కార్యాలయాల చేతుల్లోనే ఉంది. అందుకు కొత్త చట్టం అవసరం లేదు, ఫోటో ఎంచుకునే వేళ ఒక్క క్షణం ఆగడం చాలు. నూరేళ్ల కిందట తల్లులకు ఆరోగ్యం నేర్పడానికి బిడ్డలను తూచిన దేశం, ఆ త్రాసులోకి రంగు ఎప్పుడు చేరిందో గుర్తించి దాన్ని తీసి పక్కన పెట్టవలసి ఉంది. నల్లనయ్యను ఇంటింటా ఊయలలో ఊపిన జాతికి ఇది అసాధ్యమైన పని కాదు.